‘హ్యాంగ్ అప్’ – ఒక కొక్కెము కథ

టెలిఫోనులో మాట ముగించుటకు ఆంగ్లమున వాడుకపలుకు ‘హ్యాంగ్ అప్’. ‘తగిలించు’ అని మాటకు మాట యర్థము. 1876లో గ్రాహంబెల్ పేటెంటు పొందిన పిదప వెలసిన గోడ టెలిఫోనులలో రిసీవరును నిజముగనే కొక్కెమునకు తగిలించెడివారు. దాని బరువునకు కొక్కెము క్రిందికి వ్రాలి, మాటల మార్గము తెగి, గంట మార్గము కలిసెడిది. తగిలించుట మరచినచో మరల గంట మ్రోగదు! నేటి సెల్‌ఫోనులకు కొక్కెము లేదు. పలుకు మాత్రము మిగిలినది.

అయితే దీని వెంట ‘ఆన్’ చేర్చి ఒకరిని పేర్కొన్నచో, వారి మాట ముగియకుండగనే త్రెంచివేసితినని యర్థము. ఆ చిన్న పదమే మర్యాదను అవమానముగా మార్చును. మేము దీనిని శ్రోతలకు ప్రత్యేకించి చెప్పుట అందులకే.

మన ‘పెట్టేశాడు’ అను మాటలోను ఈ రెండర్థములు కలవు. గొంతును బట్టి గ్రహింపవలయును. అందువలననే కాబోలు, మనవారు ‘ఉంటానండీ’ అని చెప్పి మరీ పెట్టుదురు.