పాత స్పోర్ట్స్ కారు, నిత్యప్రయాణము, బీమా

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన పెద్దలు చెప్పిన సామెత మోటారుకార్ల విషయమున చాలకాలము అక్షరాల నిజమై యుండెను. కారు కొన్ననాడే దాని వెల తగ్గుట మొదలగును. పదేండ్లు గడచునప్పటికి కొనువాడు కానరాడు. ఇరువదియేండ్లకు అది పాత ఇనుపసామానుల కొట్టు చేరును. అయినను కొన్ని కార్లు ఈ గతిని తప్పించుకొని, రోత యను దశను దాటి, మరల వింత యైనవి. బ్రిటనునందు తయారైన ఎం.జి. బి. యను చిన్న స్పోర్ట్స్ కారు అట్టివానిలో నొకటి. దానిని నేటికిని నిత్యము నడుపుకొనువారు కలరు. వారికి బీమా ఎట్లు దొరకును, ఏ నియమముల మీద దొరకును అను ప్రశ్న మొదట అల్పముగా తోచును. కాని దాని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలోని మొదటి పుట కారు సొంతదారును గూర్చినది కాదు; కారు తగిలి పడిపోయిన మనిషిని గూర్చినది.

1896 ఆగస్టు 17వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణమున, ప్రదర్శనకై నడుపుచున్న మోటారుబండి తగిలి, బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అను స్త్రీ మరణించెను. బ్రిటనులో పెట్రోలుకారు వలన చనిపోయిన తొలి పాదచారి ఆమెయే. విచారణ జరిపిన జ్యూరీ దానిని ప్రమాదవశమున కలిగిన మరణముగా నిర్ణయించెను. ఆ నవంబరులోనే, బండికి ముందు ఒక మనిషి నడువవలెనను పాత నిబంధన మోటారుకార్లకు తొలగిపోయెను. ఆ తరువాత ముప్పది నాలుగేండ్లపాటు, కారు నడుపువానికి బీమా కలదా లేదా యని చట్టము అడుగలేదు. గాయపడినవాడు న్యాయస్థానమున గెలిచినను, నడిపినవాని చేతిలో సొమ్ము లేనిచో ఆ తీర్పు ఉత్త కాగితముగా మిగిలెడిది.

1930లో బ్రిటను రోడ్లమీద ఏడువేలమందికి పైగా మరణించిరి. ఆ యేటి రోడ్డు రవాణా చట్టము, ఇతరులకు కలుగు గాయములకును మరణములకును బీమాను తప్పనిసరి చేసెను. కార్లకున్న గంటకు 20 మైళ్ళ వేగపరిమితిని ఎత్తివేసినదియు ఆ చట్టమే. అనగా వేగమునకు పగ్గము విడిచిన చేతితోనే బాధ్యతకు ముడి వేసెను. 1934 చట్టము మరియొక అడుగు ముందుకు వేసి, సొంతదారు చేసిన తప్పును సాకుగా చూపి కంపెనీవారు బాధితునికి మొండిచేయి చూపుటను చాలవరకు అరికట్టెను. అసలు బీమాయే లేనివాడు చేసిన ప్రమాదములకు పరిహార మిచ్చుటకై 1946లో బీమా కంపెనీలు కలిసి ఒక సంస్థను నెలకొల్పెను. మన దేశమున 1939 మోటారు వాహనముల చట్టము ఈ తప్పనిసరి బీమాను విధించెను; ఆ భాగము 1946 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

ఇక కారు సంగతి. ఎం.జి. యను అక్షరములు ఆక్స్‌ఫర్డు నగరములోని మోరిస్ గ్యారేజెస్ అను సంస్థ పేరునుండి వచ్చినవి. విలియం మోరిస్ దాని యజమాని. 1922లో సెసిల్ కింబర్ దానికి నిర్వాహకు డయ్యెను. మోరిస్ వారి సాధారణపు కార్లకు సొగసైన బాడీలు తొడిగించి, వేగము పెంచి అమ్ముట కింబర్ పద్ధతి. 1928లో ప్రదర్శనకు వచ్చిన మిడ్జెట్ అను చిన్నకారు, మోరిస్ మైనర్ భాగములతో రూపొందినది. దాని వెల 175 పౌనులు. అంతవరకు ధనికుల వేడుకయైన స్పోర్ట్స్ కారు దానితో మధ్యతరగతివారి చేతికి వచ్చెను. 1929లో కర్మాగారము సమీపమందలి ఆబింగ్డన్ పట్టణమునకు మారెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప పదివేల టి.సి. కార్లును, 1955 మొదలు లక్షకు పైగా ఎం.జి. ఎ. కార్లును అచ్చట తయారైనవి.

1962లో ఎం.జి. బి. వెలువడెను. అంతకుముందరి ఎం.జి. ఎ. తెరుపుకారుకు తలుపుల వెలుపల పిడులైనను లేవు. కిటికీలకు అద్దములకు బదులు తగిలించుకొను తెర లుండెడివి. క్రొత్తకారునందు పిడి త్రిప్పి పైకెత్తు అద్దములు, తాళము పడు తలుపులు, సామాను పెట్టుకొను చోటు అమర్చిరి. ఇంజను పరిమాణము 1,798 సి.సి.; ముందు చక్రములకు డిస్కు బ్రేకులు. 1965లో గట్టి పైకప్పు గల జి.టి. రకము వచ్చెను. ఇంజను మాతృసంస్థవారి కుటుంబపు కార్లలో వాడు జాతిదే గనుక ఏ ఊరి మెకానిక్కునకైనను అది పరిచితమే. 1980 అక్టోబరులో ఆబింగ్డన్ కర్మాగారము మూతపడునాటికి అయిదు లక్షలకు పైగా ఈ కార్లు తయారైనవి. కచేరీకి పోవుటకును, సంత సరకు తెచ్చుటకును, సెలవునాడు సముద్రతీరమునకు పరుగిడుటకును కొన్న కారిది. దీనిని నిత్యము నడుపుట నేడు సాహసముగా తోచుచున్నది. కారు అదే, దాని చుట్టునున్న లోకము మారినది.

నిత్యప్రయాణమునకు మొదటి శత్రువు తుప్పు. ఎం.జి. ఎ. వలె దీనికి వేరుగా ఛాసిస్ లేదు. రేకులనే పెట్టెవలె కూర్చి బాడీ కట్టిరి. తలుపుల క్రిందుగా పోవు రేకుదూలములు బరువులో పెద్దపాలు మోయును. చలికాలమున మంచు కరగుటకై బ్రిటను రోడ్లమీద ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు దూలములలోనికి చేరి లోపలినుండి తినివేయును. పైన రంగు నిగనిగలాడుచుండగనే లోన బలము పోవును. 1988 మొదలు బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ పాత అచ్చులతోనే క్రొత్త బాడీలను తయారుచేయుట వలన, ఇనుపకొట్టుకు పోవలసిన కార్లెన్నో మరల రోడ్డెక్కినవి.

రెండవ చిక్కు ఇంధనము. పూర్వము పెట్రోలులో కలిపిన సీసము ఇంజను వాల్వులు ఆనుకొను పీటములను అరుగుదలనుండి కాపాడెడిది. 2000 సంవత్సరారంభమునకు బ్రిటనులోను, ఆ యేడు ఫిబ్రవరికి మన దేశమునను సీసము కలిసిన పెట్రోలు అమ్మకము నిలిచిపోయెను. కనుక గట్టి లోహపు పీటములు వేయించుకొనక తప్పలేదు. 2021 సెప్టెంబరునుండి బ్రిటనులో సాధారణ పెట్రోలునందు పదిపాళ్ళవరకు ఇథనాలు కలుపుచున్నారు. అది పాత రబ్బరు గొట్టములను, సీళ్ళను చెరుపును. వారమున కొకసారి కారు తీయువానికి ఇవి అప్పుడప్పుడు వచ్చు చిక్కులు; నిత్యము నడుపువానికి నిత్యచింతలు.

ఇప్పుడు మరల బీమా వైపు చూతము. ఇతరులకు కలుగు నష్టము చట్టము సంగతి. తన కారునకు కలుగు నష్టము ఒప్పందము సంగతి. సాధారణపు పాలసీ ప్రమాదమునాటి బజారు వెలను మాత్రమే యిచ్చును. మరమ్మతు ఖర్చు ఆ వెలను మించునట్లున్న, కారు పూర్తిగా పోయినట్లే లెక్క. పాతకారునకు బజారులో వెల లేని దినములలో ఈ లెక్కయే దానికి మరణశాసన మయ్యెను. ఒక తలుపు, ఒక చక్రపు రెక్క నలిగినను చాలును. ఖర్చు వెలను మించును, కారు ఇనుపకొట్టు చేరును. దీనికి విరుగుడు ఓడల బీమాలో ఎప్పటినుండియో ఉన్నది. ఓడ వెలను ముందే ఉభయులు ఒప్పుకొని పత్రమున వ్రాసికొన్నచో, మోసము లేనంతవరకు ఆ వెల మార్చరానిదని 1906 నాటి బ్రిటిషు నౌకాబీమా చట్టము స్పష్టపరచెను. పాతకార్లకై వెలసిన ప్రత్యేక పాలసీలు ఆ సూత్రమునే అవలంబించినవి. కారు ఫొటోలు, మరమ్మతు రసీదులు, తెలిసినవారి అంచనా చూచి వెలను ముందే స్థిరపరచుదురు.

ఈ ప్రత్యేక పాలసీలకు ప్రీమియము తరచుగా తక్కువ. ఎందువలన? ఆ కారు అరుదుగా బయటికి వచ్చునని కంపెనీవారి యూహ. కనుకనే ఏడాదికి ఇన్ని మైళ్ళకు మించరాదనియు, దినదినమునకు వాడుకొనుటకు మరియొక కారుండవలెననియు, రాత్రివేళ గ్యారేజిలో నుంచవలెననియు తరచుగా షరతులు పెట్టుదురు. నిత్యము నడుపువానికి చిక్కంతయు ఇచ్చటనే. అతడు చౌక ప్రీమియమునకు ఆధారమైన ఊహనే త్రోసిపుచ్చుచున్నాడు. వినోదమునకు మాత్రమే కారు వాడెదనని వ్రాసి, దినము కచేరీకి పోవుట బీమాలో చిన్న మాట కాదు. పూర్వపు నియమము ప్రకారము ముఖ్యవిషయము దాచినచో పాలసీయే రద్దగును. 2013నుండి అమలైన బ్రిటిషు చట్టము కొంత మెత్తబడినది. అజాగ్రత్తతో తప్పు చెప్పినచో, చెల్లించిన ప్రీమియము పాళ్ళను బట్టి పరిహారము తగ్గింపవచ్చును. తెలిసి తెలిసి చెప్పినచో ఏమియు రాదు. రోడ్డుమీద గాయపడినవానికి మాత్రము కంపెనీ చెల్లించవలసియే యుండును; కాని పిదప ఆ సొమ్మును సొంతదారునుండి రాబట్టుకొనవచ్చును. కొన్ని పౌనుల ప్రీమియము మిగుల్చుకొనబోయి ఇల్లు వాకిలి కోలుపోవు దారి యిది. తన వాడుకను ఉన్నదున్నట్లు చెప్పి, ఎక్కువ మైళ్ళకును కచేరీ ప్రయాణమునకును ఒప్పుకొను పాలసీని అడిగి తీసికొనుటయే క్షేమము. ప్రీమియము హెచ్చగును, కాని అది నిలుచు రక్షణ.

ప్రభుత్వములును ఇట్టి యూహమీదనే పాతకార్లకు మినహాయింపు లిచ్చినవి. బ్రిటనులో వాహనపరీక్ష 1960లో మొదలైనప్పుడు అది పదేండ్లు నిండిన బండ్లకే; పాతబండి ప్రమాదకరమైనదని నాటి భావము. 2018 మే 20నుండి, పెద్దమార్పులు చేయని నలువదియేండ్ల కార్లకు ఆ పరీక్షయే అక్కరలేదు. అవి అపురూపముగా కాపాడబడుచు అరుదుగా తిరుగునని నేటి భావము. ఏ కారు మొదట పరీక్షకు నిలువవలసి యుండెనో ఆ కారే నేడు పరీక్ష దాటిపోవుచున్నది. నిత్యము తిరుగు ఎం.జి. బి.కి ఈ మినహాయింపు వరము కాదని మా యభిప్రాయము. తొలినాటి కార్లలో బ్రేకుల నూనెకు ఒకే మార్గము; ఎచ్చట కారినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును. అడుగువారు లేకున్నను ఏటేట పరీక్ష చేయించుట మేలు.

మన దేశమున ఈ విషయము మరింత తేటపడినది. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబదియేండ్లు దాటి, అసలు రూపముతో నున్న వాహనములను వింటేజి తరగతిగా గుర్తించి, వాని నంబరులో వి.ఎ. యను అక్షరములు ఏర్పరచెను. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనమునకు, మరమ్మతుకు తీయవచ్చును, నిత్యప్రయాణము కూడదు. నిత్యము నడుపగోరువాడు ఆ గౌరవము వదులుకొని సాధారణపు రిజిస్ట్రేషనునే నిలుపుకొనవలెను. పదునైదేండ్లు నిండిన పిదప అయిదేసి యేండ్ల కొకమారు ఫిట్‌నెస్ చూపించి దానిని పొడిగించుకొనవలెను. బీమా లెక్కలోను మన పద్ధతి కొంత వేరు. అయిదేండ్లవరకు ఏటేట వెల ఇంత తరుగునని పట్టిక కలదు. అయిదవ యేట అది సగమగును. ఆపైన కంపెనీయు సొంతదారును మాటాడుకొని వెల నిర్ణయించుకొనవలెను. ఆ బేరమున రసీదులు, ఫొటోలు భద్రపరచినవానిదే పైచేయి.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమునందు నిజాముల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కలదు. అది ఊరేగింపులకు పుట్టిన కారు. నిలిచియున్నను దాని పుట్టుకకు లోపము లేదు. ఎం.జి. బి. పుట్టినది వేరు పనికి. దానిని వాడుకొనుటయే దాని చరిత్రను నిలుపుటయని వాదించువారితో మేము ఏకీభవింతుము. అయితే ఆ హక్కునకు వెల కలదు: తుప్పు కానరాకముందే చేయివేయుట, బ్రేకులు ఏటేట చూపించుట, పాలసీ మీద నిజము వ్రాయించుట. వీనిలో మొదటిది కారు కొరకు, తక్కిన రెండును రోడ్డు ప్రక్కన నడచు మనిషి కొరకు. ఆ మనిషికి వచ్చుచున్న కారు వయస్సుతో పనిలేదు.