తబూకులో మన టీ, వారి షాయ్

ఈ ఏడు ఉగాది ఉత్సవాల ఏర్పాట్లకై మనవారందరూ కూడినప్పుడు నాటకం ఎవరు వేయాలో, పులిహోర ఎవరు కలపాలో అరగంటలో తేలిపోయింది. అతిథులకు ఏ టీ ఇవ్వాలన్న దగ్గర మాత్రం గంటకు పైగా ఆగిపోయాము. హైదరాబాదు సోదరులు ఇరానీ చాయ్ లేనిదే పండుగ ఏమిటన్నారు. గోదావరి జిల్లాల వారు అల్లం దంచి వేసిన పాల టీ అన్నారు. పొలాల్లో పనిచేసే నిజామాబాదు తమ్ముళ్ళు తాము ఇక్కడ అలవాటుపడ్డ పుదీనా షాయ్ చాలునన్నారు. కాఫీ అన్న నెల్లూరు ఇల్లాలి మాట ఎవరూ వినిపించుకోనే లేదు. చివరకు "మేష్టారూ, మీరే చెప్పండి" అని భారం మా మీద వేశారు. తీర్పు చెప్పే ధైర్యం చాలక ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

తబూకు పూర్వం నుండీ దాహం తీర్చిన ఊరు. దమాస్కసు నుండి మదీనాకు పోయే హజ్ యాత్రికుల బిడారులు ఇక్కడి నీటి దగ్గర ఆగేవి. 1906లో హిజాజు రైలు ఇక్కడికి వచ్చింది. 1908లో మదీనా చేరింది. నేడు మ్యూజియంగా ఉన్న ఆ పాత స్టేషనుకు మా సాయంత్రపు తెలుగు తరగతి పిల్లలను తీసుకుపోతుంటాము. ఆ బిడారుల కాలంలో పొయ్యి మీద ఉడికినది కాఫీ. 1511లో మక్కాలో ఒక అధికారి దానిని నిషేధించి చూశాడు గాని, నిషేధం నిలువలేదు. టీ ఈ నేలకు చాలా ఆలస్యంగా వచ్చిన చుట్టం. అందుకే కాబోలు, అరబ్బు ఇంట మొదటి మర్యాద నేటికీ ఏలకులు వేసిన లేతరంగు కాఫీదే. షాయ్ ఆ తరువాత వస్తుంది.

మనం నల్ల టీ అనేదాన్ని వీరు ఎర్ర షాయ్ అంటారు. గాజు గ్లాసులో పోసి చూస్తే వారి మాటే నిజమనిపిస్తుంది. పాలు ఉండవు, చక్కెర దండిగా ఉంటుంది, పుదీనా రెమ్మ ఉంటుంది. జోర్డాను సరిహద్దు దగ్గర కావటంచేత, చలికాలంలో అక్కడివారికి ఇష్టమైన మర్యమియ్య ఆకు కూడా పడుతుంది. తబూకు చలి ఎరుగనివారు అరబ్బు దేశమంటే ఎండలే అనుకుంటారు. లౌజు కొండ మీద మంచు కురిసిన రోజున ఆ ఆకు టీ విలువ తెలుస్తుంది.

అయితే పాల టీ మన వెంటనే ఇక్కడికి వచ్చిందనుకోవటం పొరపాటు. పాలు, ఏలకులు వేసి మరిగించే ఏడెను షాయ్ యెమెనీల సొత్తు. ఏడెను రేవును 1839 జనవరిలో ఇంగ్లీషువారు పట్టుకొని బొంబాయి ప్రభుత్వం కింద ఉంచారు. 1937లో గాని అది హిందూ దేశపు పాలన నుండి విడిపోలేదు. ఆ సంబంధం వారి గ్లాసులో మిగిలిందని మా నమ్మకం. విచిత్రమేమంటే, అస్సాములో పండిన టీ మొట్టమొదటిసారి లండనులో వేలానికి వచ్చినది కూడా ఆ జనవరిలోనే. ఎనిమిది పెట్టెలు!

మా తరగతిలో ఒక పిల్లవాడు తేనీరు అంటే తేనె కలిపిన నీరా అని అడిగాడు. కాదు. చైనాలో ఫుజియను తీరం వారు ఈ ఆకును తే అన్నారు. డచ్చివారి ఓడలెక్కి ఆ మాట ఐరోపా చేరి టీ అయింది. మిగిలిన చైనా వారు చా అన్నారు. అది నేల మార్గాన పారశీకం చేరి చాయ్ అయింది. అరబ్బీలో చ లేదు గనుక షాయ్ అయింది. ఆంధ్రలో టీ, తెలంగాణలో చాయ్ అని మనవారు వాదులాడుకుంటారు. ఒకటి ఓడలో వచ్చింది, ఒకటి ఒంటె మీద వచ్చింది.

ఇక మన దేశంలో టీ అలవాటు తనంతట రాలేదు. 1903లో టీ మీద పన్ను వేసి, ఆ సొమ్ముతో ప్రచారం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మిల్లుల్లో, గనుల్లో టీ అంగళ్ళు పెట్టించారు. బెంగాలు, పంజాబు రైలు జంక్షనుల్లో అమ్మేవారికి కెటిల్సు, కప్పులు, పొట్లాలు సమకూర్చారు. వారు చెప్పినంత పొడి వేయక, పాలు, చక్కెర, మసాలా దట్టించి అమ్మారని కంపెనీల వారికి కోపం. తరువాత అస్సాములో పుట్టిన సీటీసీ యంత్రం చవక టీని గుండ్రటి రవ్వగా చేసింది. తొందరగా చిక్కటి రంగు దిగుతుంది, పాలకు లొంగదు. ఇప్పుడు మన వంటింట్లో ఉన్నది అదే.

ఈ చరిత్ర మాకు పుస్తకాల్లోనే తెలిసినది కాదు. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి ఖరగ్‌పూరుకు బడిపంతులుగా వెళ్ళారు. నాన్నగారు అదే పని, మేమూ అదే పని. పగలు బెంగాలీ, ఇంగ్లీషు చదివి, సాయంత్రం గంటసేపు తెలుగు నేర్చుకున్నాము. ఇంటిల్లిపాదీ మట్టి పిడతల్లో టీ తాగేవాళ్ళము, ఒక్క నాయనమ్మ తప్ప. ఆమె అన్నను చిన్నతనంలోనే ఆర్కాటీలు అస్సాం తోటలకు తీసుకుపోయారట. ఒప్పందం విడిచి వెళ్ళిన కూలీని జైలుకు పంపగల చట్టం 1859 నుండీ ఉండేది. 1921లో చర్గోలా లోయ తోటలు విడిచి వేలమంది కూలీలు నడిచి వెళ్ళిపోయారు. ఆ కబురు విన్న నాయనమ్మ ఆ గుంపులో అన్న ఉంటాడని కొన్నాళ్ళు ఎదురుచూసింది. ఆయన రాలేదు, ఉత్తరమూ రాలేదు. ఆమె 1971లో పోయేవరకు టీ ముట్టలేదు. అది మా అన్న చెమట అనేది. పదేళ్ళ వయసులో మేము ఆమె ఎదుటే చప్పరిస్తూ తాగేవాళ్ళము. ఆ సంగతి తలచుకుంటే నేటికీ మాకు సిగ్గు. మనవారి సంతతి అస్సాం తోటల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఇంతకూ, ఉత్సవం నాడు నాలుగు ఫ్లాస్కులు పెట్టాలని సర్దుబాటు చేశాము. ఇరానీ, అల్లం, పుదీనా, నాలుగవది నెల్లూరు అమ్మగారి కాఫీ. వాటి పక్కన ఒక మజ్జిగ కుండ కూడా ఉంటుంది. అది మేము తెస్తున్నది.