సీసం ముక్క చెప్పే కొలత: ఎన్‌ఫీల్డ్ రైఫిల్, 1857

1857 తిరుగుబాటు కారణాల్లో కొవ్వు పూసిన తూటాల గురించి మీరు ఇదివరకే చదివారు. తూటాను పళ్లతో కొరకడం సిపాయిలకు కొత్తేమీ కాదు. మరి కొవ్వు ఎందుకు అవసరమైంది? జవాబు తుపాకి గొట్టంలో ఉంది.

పాత బ్రౌన్ బెస్ మస్కెట్ బోరు దాదాపు 0.75 అంగుళం, గుండు 0.69. అది వదులుగా జారిపోయేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ బోరు 0.577, గుండు 0.568. మిగిలిన 0.009 అంగుళం సందులోనే గుండుకు చుట్టిన కాగితమూ పట్టాలి. కొవ్వు లేనిదే దించడం కష్టం.

ఇంత సన్నని తేడాను కొలవడమెలా? ఎన్‌ఫీల్డ్‌ను మూతి నుంచి నింపుతారు కనుక, మందు లేదని చూసుకుని ముందు వెనుక బిరడా ఊడదీయాలి. నూనె రాసిన గొట్టంలోకి బోరుకన్నా కాస్త లావైన మెత్తని సీసం ముక్కను కొట్టి, కడ్డీతో అవతలికి తోస్తారు. గొట్టంలోని గట్లు సీసంపై పల్లాలుగా, గాడులు మిట్టలుగా అచ్చుపడతాయి. మైక్రోమీటరుతో కొలవడమే మిగిలింది అనుకుంటారు మీరు. కాని ఎన్‌ఫీల్డ్‌కు గాడులు మూడే. ప్రతి గాడికి ఎదురుగా గట్టు ఉంటుంది. అందువల్ల మామూలు మైక్రోమీటరు సరైన వ్యాసం చూపదు, 'వి' ఆకారపు దిమ్మెపై ఉంచి లెక్కకట్టాలి.

గుండు పనిచేసేదీ సీసపు మెత్తదనంతోనే. పేల్చగానే దాని బోలు అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. కాబట్టి గుండు కొంత సన్నగా ఉన్నా నష్టం లేదు. తిరుగుబాటు కాలంలో నింపడం కష్టమవుతోందని తేలాక, గుండును 0.550 అంగుళానికి తగ్గించారు. సందు మూడు రెట్లయింది.