ఆకలితో నిమిత్తం లేని తిండి: ఒక వ్యాధికి పేరు వచ్చిన వైనం

భస్మక రోగమనే మాట మనకు కొత్తది కాదు. ఎంత తిన్నా చాలనివారిని గురించి పెద్దలు ఆ మాట వాడేవారు. ఆయుర్వేదం దీనినే అత్యగ్ని అన్నది. జఠరాగ్ని హద్దు మీరి తిన్నదంతా భస్మం చేస్తుందని వివరించింది. అయితే పాఠకులు ఇక్కడ ఒక భేదం గమనించాలి. భస్మక రోగిది తీరని ఆకలి. నేను చెప్పబోయే రోగి తరచు ఆకలి లేకుండానే తింటాడు, ఆపుదామనుకున్నా ఆపలేడు. తెలుగులో అతనికి దొరికే పేరు ‘తిండిపోతు’ ఒక్కటే. అది తిట్టు గనుక అతడు నోరు విప్పడు.

ఈ స్థితిని వైద్యపత్రికలో స్పష్టంగా వర్ణించినవాడు అమెరికన్ మనోవైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్. స్థూలకాయుల ఆహారపుటలవాట్లపై 1959లో ఆయన రాసిన వ్యాసంలో, కొద్ది సమయంలో విపరీతంగా తిని, ఆపై తమను తామే నిందించుకునే రోగులు కనిపిస్తారు. లోకం దానిని పెద్దగా పట్టించుకోలేదు. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ బులీమియాను వర్ణించడంతో అందరి దృష్టీ అటు మళ్లింది. బులీమియా రోగి తిన్నదానికి విరుగుడుగా వాంతి చేసుకుంటాడు, విరేచనాల మందు వేసుకుంటాడు, లేదా కఠినంగా ఉపవసిస్తాడు. అవేవీ చేయనివారు ఏ పేరుకూ చెందక మిగిలిపోయారు. అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించే నిర్ధారణ గ్రంథం 1994లో ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ను ఇంకా పరిశోధించవలసినదిగా అనుబంధంలో చేర్చింది. ప్రత్యేక వ్యాధిగా అంగీకరించినది 2013లో మాత్రమే. స్టంకార్డ్ వ్యాసానికీ దానికీ నడుమ 54 ఏళ్లు! ఆలస్యానికి శాస్త్రీయ జాగ్రత్త కొంత కారణం కావచ్చు. తిండి విషయంలో మనిషిని తప్పుపట్టే మన అలవాటూ తక్కువ కారణం కాదని నా అభిప్రాయం.

ఇక లక్షణాలు. రెండు గంటల లోపు, అదే పరిస్థితిలో ఇతరులు తినేదానికంటే నిశ్చయంగా ఎక్కువ తినడం, ఆ సమయంలో అదుపు తప్పిందని తోచడం మూలలక్షణాలు. వీటికి తోడు గబగబా తినడం, కడుపు నొచ్చేవరకు తినడం, ఆకలి లేకున్నా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తరువాత తన మీద తనకే ఏవగింపు కలగడం అనే అయిదింటిలో మూడైనా ఉండాలి. సగటున వారానికొకసారి చొప్పున మూడు నెలలు సాగాలి, మనసును తీవ్రంగా బాధించాలి. పెళ్లి విందులో రెండు బూరెలు ఎక్కువ తిన్నవారు కంగారుపడనక్కరలేదు. మరొక మాట: ఈ రోగులందరూ లావుగా ఉండరు. శరీరాన్ని చూసి నిర్ణయించకండి.

ఇంట్లోవారు సాధారణంగా ఇచ్చే సలహా ‘కడుపు మాడ్చుకో’ అని. 1944–45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి పరిశీలించాడు. తిరిగి తిండి దొరికాక వారిలో కొందరు కడుపు పట్టనంత తిన్నారు, అయినా తృప్తి చెందలేదు. కనుక కఠోర ఉపవాసం ఇక్కడ మందు కాదు. వేళకు భోజనం, దానితోపాటు ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే మానసిక చికిత్స బాగా పనిచేస్తాయి. మనోవైద్యుని వద్దకు వెళ్లినప్పుడు బరువు గురించి కాక, అదుపు తప్పుతున్న ఆ గంట గురించి ముందుగా చెప్పండి.