పేరు వేరు, ఫైలు ఒకటే

హన్మకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం కాకతీయ రుద్రదేవుని కీర్తిస్తున్నది. సుమారు నూరేండ్ల తరువాత రాజ్యమేలిన రుద్రమదేవిని కూడ కొన్ని శాసనాలు రుద్రదేవ మహారాజు అనియే పేర్కొన్నవి. పేరునే నమ్మితే ఇద్దరు పాలకులు ఒకరైపోతారు. రుద్రమ ఒక్కతెయే ఇద్దరుగా కనబడుతుంది. అందువలన చరిత్రకారులు తండ్రి ఎవరు, కాలమేది అని విచారిస్తారు. మొదటివాని తండ్రి రెండవ ప్రోలరాజు. రుద్రమ తండ్రి గణపతిదేవుడు.

కంప్యూటర్ ఫైళ్ల విషయంలోను ఇదే చిక్కు ఉన్నది. 1969లో బెల్ ప్రయోగశాలలో థాంప్సన్, రిచీలు ప్రారంభించిన యునిక్స్‌లో పేరు కేవలం ఒక చీటీ వంటిది. ఫైలు అసలు గుర్తు ఐనోడ్ అనే సంఖ్య. ఒకే ఐనోడ్‌కు అనేక పేర్లు ఉండవచ్చు. వేర్వేరు డిస్కులలో ఒకే సంఖ్య రావచ్చు గనుక, డిస్కు సంఖ్యను, ఐనోడ్‌ను కలిపి చూడవలెను.

1976లో అదే ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే సాధనాన్ని నిర్మించినాడు. తప్పు దిద్దిన ఫైలును మరల కంపైల్ చేయని కారణాన స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగికి ఒక ఉదయమంతా వ్యర్థమైనది. అదే దీనికి ప్రేరణ. మేక్ ఫైళ్ల మార్పు కాలాలను పోల్చి, పాతబడిన వానినే మరల తయారు చేస్తుంది. కాని ఫైలును గుర్తించేది పేరును బట్టియే. ఒకే ఫైలును రెండు పేర్లతో వ్రాస్తే రెండుగా ఎంచవచ్చు. అప్పుడు రెండు కంపైలర్లు ఏకకాలంలో ఒకే ఫైలులో వ్రాసి దానిని పాడుచేయగలవు.

పేరును సవరించి పోల్చరాదా? ‘కోట/../గుడి’ అంటే కోటలోనికి పోయి, వెనుకకు వచ్చి, గుడిని చేరుట. నింజా వంటి సాధనాలు దీనిని ‘గుడి’ అని కుదిస్తవి. కాని 1983 నాటి బర్క్లీ యునిక్స్‌తో వ్యాపించిన సంకేత లంకెలు ఇక్కడ అడ్డుతగులుతవి. ‘కోట’ వేరొక చోటికి చూపే లంకె అయితే, వెనుకకు వచ్చినప్పుడు చేరేది ఆ చోటికి పైనున్న సంచయమే. అక్కడి ‘గుడి’ వేరు.

ఐనోడ్‌నే అడుగుదమన్నను చాలదు. ఇంకను తయారుకాని ఫైలుకు ఐనోడ్ లేదు. కొన్ని ఎడిటర్లు కొత్త ఫైలు వ్రాసి పాత పేరు తగిలిస్తవి. పేరు నిలిచినను సంఖ్య మారుతుంది.

కనుక ఏ ఒక్క గుర్తును నమ్మినను పొరపాటుకు తావున్నది. ఒకే ఫైలును ఎల్లప్పుడు ఒకే మార్గంతో వ్రాయుట ప్రోగ్రామరు పాటించవలసిన సులభమైన జాగ్రత్త.