కారపు మరక, సాగే రంగస్థల దుస్తులపై

గుంటూరు, ప్రకాశం మిరప సీమలో నాటక, నాట్య దుస్తులకు అంటే మొండి మరకల్లో కారపు మరక ఒకటి. ఎండుమిర్చికి ఎరుపునిచ్చే కాప్సాంతిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. అందుకే ఆవకాయ నూనె మరక ఉత్త నీళ్లకు లొంగదు. నూలు బట్టయితే చాకిరేవులో ఉడకబెట్టి బండకు బాదినా తట్టుకుంటుంది. 1958లో డ్యూపాంట్ రసాయనవేత్త జోసెఫ్ షివర్స్ రూపొందించిన స్పాండెక్స్, అంటే మనం లైక్రా అనేది, ఆ మోటు వైద్యానికి నిలవదు. వేడికి, క్లోరిన్ బ్లీచింగుకు దాని సాగుడు చచ్చిపోతుంది. గిన్నెలు తోమే ద్రవసబ్బు రెండు చుక్కలు వేసి, వేలికొసతో మెల్లగా అద్ది, కాసేపాగి చన్నీళ్లలో జాడించాలి. మెలిపెట్టి పిండకూడదు.

పసుపు కలిసిన మరక బట్టల సబ్బు తగలగానే ఎర్రబారుతుంది. కంగారు పడనక్కర్లేదు; సబ్బులోని క్షారం తగిలి పసుపులోని కర్‌క్యుమిన్ రంగు మారడమే అది. మిగిలిన ఛాయను ఎండ లాగేస్తుంది, అయితే బట్ట అద్దకాన్నీ వెలిసేలా చేస్తుంది, కనుక కొద్దిసేపే ఆరేయాలి.