విదేశీ విశ్వవిద్యాలయాలలో వికలాంగ విద్యార్థులకు సదుపాయాలు – అమ్రాబాద్ ప్రాంత విద్యార్థులు తెలుసుకొనవలసిన అంశాలు

అమ్రాబాద్ (నాగర్‌కర్నూల్ జిల్లా): ఉన్నత విద్యకై విదేశాలకు వెళ్ళదలచిన వికలాంగ విద్యార్థులకు అక్కడి విశ్వవిద్యాలయాలు ఏ సదుపాయాలను హక్కుగా కల్పిస్తాయి, వేటిని విద్యార్థియే సమకూర్చుకొనవలసి ఉంటుంది అనే వివరాలు నల్లమలలోని మండలాలకు సులభంగా చేరేవి కావు. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలు ఇక్కడ ఇవ్వబడినవి.

తెలుగువారిలో ఇందుకు సుప్రసిద్ధమైన ఉదాహరణ శ్రీ బొల్లా శ్రీకాంత్. ఆయన ఈ ప్రాంతం వారు కారు; కృష్ణా జిల్లా మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లోని అంధుల పాఠశాలలో పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో సైన్సు గ్రూపు కోరగా, అంధులకు ఆ అవకాశం లేదని నిరాకరించబడింది. ఆయన న్యాయస్థానాన్ని ఆశ్రయించి అనుమతి పొందారు. పాఠ్యపుస్తకాలను శబ్ద రూపంలో విని చదివి 98 శాతం మార్కులు సాధించారు. అయినను ఐ.ఐ.టి. శిక్షణా కేంద్రాలు చేర్చుకొనలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రవేశం కల్పించింది. ఆ సంస్థలో చేరిన తొలి విదేశీ అంధ విద్యార్థిగా పత్రికలు ఆయనను పేర్కొన్నాయి. స్వదేశానికి తిరిగివచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించారు. ఆయన జీవితంపై 2024 మే నెలలో హిందీ చలనచిత్రం విడుదలైనది.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా ఒక వ్యక్తి పట్టుదలకు నిదర్శనంగా వ్రాస్తుంటారు. అది వాస్తవమే. కాని అమెరికా విశ్వవిద్యాలయం వికలాంగ విద్యార్థికి కల్పించే సదుపాయం దయ కాదు, చట్టం విధించిన బాధ్యత. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల చట్టం అక్కడ ఇందుకు ఆధారములు. పరీక్షలో అదనపు సమయం, కంప్యూటర్ చదివి వినిపించగల రూపంలో పాఠ్యపుస్తకాలు, సంజ్ఞా భాషా అనువాదకులు, చక్రాల కుర్చీ పట్టే తరగతి గదులు మొదలగునవి విద్యార్థి నుండి అదనపు రుసుము వసూలు చేయకుండా కల్పించవలెను. విదేశీయుడన్న కారణంగా నిరాకరించరాదు.

అయితే విద్యార్థి తానుగా అడుగవలెను. ప్రవేశ దరఖాస్తులో వైకల్యాన్ని తెలుపవలెనన్న నిర్బంధం లేదు. సీటు లభించిన పిదప వికలాంగ విద్యార్థుల సేవా కార్యాలయానికి విడిగా వ్రాసుకొనవలెను. అక్కడి పత్రాలలో ‘అకామడేషన్’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. మనవారు దానిని హాస్టల్ వసతిగా భావించి వదలివేసే ప్రమాదం ఉన్నది. ఆ మాటకు అక్కడ అర్థం, వైకల్యం వలన ఏర్పడే ఆటంకాన్ని తొలగించే సర్దుబాటు అని.

ధ్రువపత్రం విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది; 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం గలవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించవలెనని నిర్దేశించినది. కనుక ఇచ్చట అన్నింటికీ శాతమే ప్రాతిపదిక. ఇదివరకటి సదరం ధ్రువపత్రంలో గాని, ఇప్పటి యు.డి.ఐ.డి. కార్డులో గాని ఉండేది అదే. విదేశాలలో ఈ శాతంతో పని జరుగదు. విద్యార్థి ఎంతసేపు చదువగలడు, ఏ పరిమాణపు అక్షరాలు చూడగలడు, ఎంత దూరం నడువగలడు, పరీక్షలో ఏ సహాయం ఎందుకు అవసరం అనే విషయాలను నిపుణుడైన వైద్యుడు ఇటీవలి తేదీతో ఆంగ్లంలో వ్రాసిన నివేదికను వారు కోరుతారు. అటువంటి నివేదికకై 2022లో ప్రారంభమైన నాగర్‌కర్నూల్ ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రిని సంప్రదించవచ్చును. దృష్టిలోపం గలవారికి హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నది. బయలుదేరే ముందే దీనిని తీసుకొనుట మేలు. అక్కడికి వెళ్ళిన తరువాత పరీక్షలు చేయించుకొనుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని.

విశ్వవిద్యాలయం కల్పించనివి కూడా గలవు. వినికిడి యంత్రం, సొంత చక్రాల కుర్చీ, స్నానాదికాలకు తోడుండే సహాయకుడు వ్యక్తిగత అవసరాలుగా పరిగణించబడతాయి. బ్రిటన్‌లో వికలాంగ విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ప్రత్యేక భత్యం విదేశీ విద్యార్థులకు వర్తించదు. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయం చేయవలసిన సర్దుబాట్లు మాత్రం వారికి కూడా వర్తిస్తాయి. తల్లిదండ్రులు ఖర్చులు అంచనా వేసేటప్పుడు సహాయకుని వేతనాన్ని విడిగా లెక్కించుకొనవలెను.

అమెరికాలో వీసాకు సంబంధించిన మరొక నిబంధన ఉన్నది. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు ప్రతి సెమిస్టర్‌లో పూర్తి స్థాయి కోర్సు చదువవలెను. అనారోగ్యం వలన అది సాధ్యం కానప్పుడు వైద్యుని సిఫారసుపై తక్కువ సబ్జెక్టులు తీసుకొనవచ్చును గాని, ఈ వెసులుబాటు ఒక్కొక్క స్థాయి చదువునకు మొత్తం 12 నెలలకు మించదు. పైగా, సబ్జెక్టును వదలుకొనక ముందే విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల అధికారి అనుమతి పొందవలెను. వికలాంగుల సేవా కార్యాలయం అంగీకరించినంత మాత్రాన సరిపోదు. ఈ తేడా తెలియక సబ్జెక్టు వదలుకొన్న విద్యార్థి వీసా హోదాను కోల్పోవచ్చును.

ఆర్థిక సహాయం విషయానికి వస్తే, వికలాంగ విద్యార్థుల జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతన పథకం కేంద్ర ప్రభుత్వంచే 2014-15లో ప్రారంభించబడినది. ఏటా 20 మందికి, అందులో 6 మహిళలకు, విదేశాలలో పి.జి., పిహెచ్.డి. చదువులకు ఉద్దేశించబడినది. వయస్సు 35 సంవత్సరాల లోపు ఉండవలెను. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ పథకంలోని 20 ఉపకార వేతనాలలో 3 అతి బలహీన గిరిజన సమూహాలకు ప్రత్యేకించబడినవి. అమ్రాబాద్ అడవులలో నివసించే చెంచులు ఆ సమూహాలలోని వారే. కనుక మన్ననూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలో డిగ్రీ చదువుచున్న వికలాంగ విద్యార్థులకు ఈ రెండు పథకాల వివరాలు చివరి సంవత్సరం ఆరంభంలోనే అందవలసి ఉన్నది.

జి.ఆర్.ఇ., టోఫెల్ పరీక్షలలో అదనపు సమయం గాని, బ్రెయిలీ ప్రశ్నపత్రం గాని కోరేవారు తేదీ నిర్ణయించుకొనక ముందే వైద్య నివేదికతో దరఖాస్తు చేసి ఆమోదం పొందవలెను. అందుకు వారాల తరబడి సమయం పట్టగలదు.